ట్రాక్టర్ ముందు ఇరుసు మరమ్మతు: వ్యవసాయ యాంత్రీకరణ చరిత్రలో ఒక అధ్యయనం

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 బండి ఇరుసు, ఊరి పనివారు
1.3 ట్రాక్టర్ ముందు ఇరుసు నిర్మాణం
1.4 భారతదేశంలో ట్రాక్టర్ల వ్యాప్తి
1.5 ఇరుసు అరుగుదలకు కారణాలు
1.6 మరమ్మతు విధానం
1.7 మరమ్మతు చేసినవారు, భారం మోసినవారు
1.8 మరమ్మతు హక్కు: నేటి చర్చ
1.9 సారాంశం
1.10 ముఖ్య పదాలు
1.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు
1.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• ఎద్దుల బండి ఇరుసుకు, ట్రాక్టర్ ముందు ఇరుసుకు మధ్య పోలికలను, తేడాలను వివరించగలుగుతారు.
• భారతదేశంలో ట్రాక్టర్ల వినియోగం పెరిగిన క్రమాన్ని తెలుపగలుగుతారు.
• పాత ట్రాక్టర్ ముందు ఇరుసు ఎందుకు అరుగుతుందో, దాన్ని ఎలా బాగుచేస్తారో చెప్పగలుగుతారు.
• మరమ్మతు పనిని చరిత్ర ఆధారంగా ఎలా ఉపయోగించుకోవచ్చో గుర్తించగలుగుతారు.

1.1 పరిచయం

హరిత విప్లవం గురించి చదివినప్పుడు మనకు సాధారణంగా మూడు విషయాలు కనిపిస్తాయి: అధిక దిగుబడినిచ్చే విత్తనాలు, రసాయనిక ఎరువులు, యంత్రాలు. యంత్రాల గురించి చెప్పేటప్పుడు ఏ సంవత్సరంలో ఎన్ని ట్రాక్టర్లు తయారయ్యాయి, ఎన్ని అమ్ముడయ్యాయి అన్న అంకెలను ఇస్తారు. ఈ అంకెలు అవసరమే. అయితే అవి యంత్రం పుట్టుకను మాత్రమే చెపుతాయి. కర్మాగారం గేటు దాటిన ట్రాక్టర్ ఇరవై, ముప్ఫై ఏళ్లు పొలంలో పనిచేస్తుంది. ఆ కాలమంతా దాన్ని నడిపించింది ఎవరు? అది ఆగిపోయినప్పుడు నష్టపోయింది ఎవరు? అమ్మకాల లెక్కలు ఈ ప్రశ్నలకు జవాబు ఇవ్వవు.

సాంకేతిక చరిత్రకారులు చాలాకాలం కొత్త ఆవిష్కరణల మీదే దృష్టి పెట్టారు. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో ప్రచురించిన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' అనే గ్రంథంలో ఈ ధోరణిని ప్రశ్నించాడు. ఒక సాంకేతికత ఎప్పుడు కనుగొన్నారన్నదానితో పాటు, దాన్ని జనం ఎలా వాడుకున్నారు, ఎలా నిలబెట్టుకున్నారు అన్నది కూడా చరిత్రేనని, నిర్వహణ, మరమ్మతు అందులో ముఖ్య భాగాలని ఆయన చూపాడు.

ఈ భాగంలో ఆ దృష్టితో ఒక చిన్న విషయాన్ని పరిశీలిస్తాం. అది ట్రాక్టర్ ముందు ఇరుసు. ట్రాక్టర్ మొత్తంలో ఇంజను, గేరుపెట్టె వంటి భాగాలకు ఉన్న ప్రాముఖ్యం దీనికి ఉన్నట్లు కనిపించదు. కాని నేల స్వభావం, రోడ్ల పరిస్థితి, మోసిన బరువు, రైతు చూపిన శ్రద్ధ, మెకానిక్ నైపుణ్యం అన్నీ దీని మీద గుర్తులు వదిలిపెడతాయి. అరిగిన ఇరుసును చదవడం వస్తే యాంత్రీకరణ చరిత్రలో పుస్తకాలకెక్కని భాగం కొంత మనకు తెలుస్తుంది.

1.2 బండి ఇరుసు, ఊరి పనివారు

'ఇరుసు' అనే మాట ట్రాక్టర్‌తో వచ్చింది కాదు. ఎద్దుల బండికి రెండు చక్రాలను కలుపుతూ ఉండే అడ్డ కడ్డీని తెలుగువారు ఇరుసు అంటారు. చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగగొట్టేది సీల. చక్రం, ఇరుసు ఒరుసుకొని అరిగిపోకుండా పెట్టేది కందెన. ఆముదం వంటి నూనెతో రైతులే దాన్ని తయారు చేసుకొనేవారు. కందెన పెట్టని బండి కిర్రుమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడే ఇరుసు అరుగుతోందన్న హెచ్చరిక.

బండికి సంబంధించిన పనిని ఊరిలోని వడ్రంగి, కమ్మరి పంచుకొనేవారు. చెక్క పని వడ్రంగిది. చక్రానికి ఇనుప పట్టా వేయడం, ఇనుప ఇరుసును సరిచేయడం కమ్మరిది. గ్రామ ఆయగార్ల వ్యవస్థలో వీరికి ప్రతి పనికీ నగదు ఇచ్చే పద్ధతి ఉండేది కాదు. పంట చేతికి వచ్చినప్పుడు కళ్లంలో కొలిచి ఇచ్చే ధాన్యాన్ని 'మేర' అనేవారు. ఏడాది పొడవునా వచ్చే మరమ్మతులకు అదే ప్రతిఫలం.

ఈ ఏర్పాటులో సమానత్వం ఉండేదని అనుకోరాదు. పనివారు కులాన్ని బట్టి ఆ వృత్తికి కట్టుబడి ఉండేవారు. వారికి దక్కే ధాన్యం రైతుల ఇష్టాయిష్టాల మీద, పంట మీద ఆధారపడేది. అయితే చారిత్రకంగా ఒక లక్షణాన్ని గుర్తించాలి. బండి తయారీ, మరమ్మతు ఒకే ఊరిలో, చాలాసార్లు ఒకే చేతుల మీదుగా జరిగేవి. బండిని చేసినవారికే దాన్ని బాగుచేయడం తెలుసు. ట్రాక్టర్ రాకతో ఈ రెండూ విడిపోయాయి. తయారీ దూరనగరానికి పోయింది. మరమ్మతు మాత్రం పొలం దగ్గరే మిగిలింది.

1.3 ట్రాక్టర్ ముందు ఇరుసు నిర్మాణం

తెలుగు జిల్లాల్లో విస్తృతంగా వాడిన ట్రాక్టర్లలో మాసీ ఫెర్గూసన్ వర్గానివి ముఖ్యమైనవి. వీటి మూలాలు ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ (1884-1960) రూపకల్పనలో ఉన్నాయి. 1939లో అమెరికాలో ఫోర్డ్ సంస్థతో కలిసి, 1946 నుంచి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఆయన ట్రాక్టర్లను తయారు చేయించాడు. కోవెంట్రీలో తయారైన టి.ఇ.20 అనే చిన్న ట్రాక్టర్ 1956 వరకు అయిదు లక్షలకు పైగా ఉత్పత్తి అయింది. 1953లో ఫెర్గూసన్ సంస్థ కెనడాకు చెందిన మాసీ-హ్యారిస్‌తో విలీనమైంది.

ఈ తరహా ట్రాక్టర్ ముందు ఇరుసును మూడు ముక్కలుగా చేశారు. మధ్య దూలం ఇంజను ముందు ఒక లావుపాటి పిన్ను మీద వేలాడుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు ఒక చక్రం పైకి, మరొకటి కిందికి పోయేటట్లు ఈ దూలం ఆ పిన్ను మీద ఊగుతుంది. దూలానికి రెండు పక్కలా రెండు చేతులను బోల్టులతో బిగిస్తారు. బోల్టు రంధ్రాలను మార్చి చేతులను బయటికి లాగితే చక్రాల మధ్య దూరం పెరుగుతుంది. పంట సాళ్ల వెడల్పును బట్టి ఈ దూరాన్ని సరిచేసుకోవచ్చు. టి.ఇ.20లో దీన్ని 48 అంగుళాల నుంచి 76 అంగుళాల వరకు మార్చుకొనే వీలుండేది.

ప్రతి చేతి చివర నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. అందులో చక్రాన్ని కుడి, ఎడమలకు తిప్పే నిలువు కడ్డీ ఉంటుంది. మన మెకానిక్‌లు దాన్ని కింగ్ పిన్ అంటారు. కడ్డీకి, గొట్టానికి మధ్య పైన ఒకటి, కింద ఒకటి బుష్‌లు ఉంటాయి. బరువును మోయడానికి అడుగున ఒక బేరింగ్ ఉంటుంది. కింగ్ పిన్‌కు కింద అడ్డంగా ఉన్న కడ్డీ మీద హబ్, దానిలో రెండు బేరింగ్‌ల సాయంతో చక్రం తిరుగుతాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన ఆలోచన ఉంది. రెండు లోహాలు ఒరుసుకొనేచోట ఏదో ఒకటి అరగక తప్పదు. ఖరీదైన ఇరుసు అరగకుండా చవకైన బుష్ అరిగేటట్లు దీన్ని రూపొందించారు. అంటే అరుగుదలను, మరమ్మతును రూపకర్తలు ముందే లెక్కలోకి తీసుకున్నారు. కాని వారి లెక్క కొన్ని పరిస్థితులను ఊహించి వేసినది: క్రమం తప్పకుండా గ్రీజు పెట్టడం, దగ్గరలోనే విడిభాగాలు దొరకడం, పొడి నేల మీద దున్నడం. ఈ మూడూ మన పల్లెల్లో ఎప్పుడూ ఉండేవి కావు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

సూచన: మీ జవాబులను ఈ భాగం చివర ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.

1. 'మేర' అంటే ఏమిటి?
2. ముందు ఇరుసులో బుష్‌ల ప్రయోజనం ఏమిటి?

1.4 భారతదేశంలో ట్రాక్టర్ల వ్యాప్తి

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మన దేశంలో ట్రాక్టర్ ప్రధానంగా బీడుభూములను సాగులోకి తెచ్చే సాధనం. 1947లో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్‌ను ఏర్పాటు చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత మిగిలిపోయిన యంత్రాలతో ఈ సంస్థ పని మొదలుపెట్టింది. మధ్య భారతంలో 'కాన్స్' అనే మొండి గడ్డి ఆక్రమించిన భూములను బాగుచేయడం దీని ముఖ్య లక్ష్యం. ఈ పనికి కావలసిన యంత్రాల కోసం 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల రుణాన్ని మంజూరు చేసింది. అయితే గడ్డి వేళ్లను పెకలించే ఆ భారీ యంత్రాలు గొలుసు పట్టాల మీద నడిచేవి. వాటికి తిరిగే ముందు చక్రాలు ఉండవు. కాబట్టి మన కథలోని ముందు ఇరుసు చక్రాల ట్రాక్టర్లతో, అంటే రైతు సొంతంగా కొన్న ట్రాక్టర్లతో మొదలవుతుంది.

1951లో దేశంలో సుమారు 8,600 ట్రాక్టర్లు ఉండగా, 1961 నాటికి ఆ సంఖ్య దాదాపు 31,000కు చేరింది. అప్పటి వరకు దాదాపు అన్నీ విదేశాల నుంచి వచ్చినవే. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ సంస్థ దేశంలో ట్రాక్టర్ల తయారీని ప్రారంభించింది. 1960లో మద్రాసులో మాసీ ఫెర్గూసన్ సహకారంతో ట్రాక్టర్స్ అండ్ ఫార్మ్ ఎక్విప్‌మెంట్ (టాఫే) సంస్థ ఏర్పడింది. 1961-62లో దేశం మొత్తం ఉత్పత్తి 880 ట్రాక్టర్లు మాత్రమే. కొరతను తీర్చడానికి పోలండ్, చెకోస్లొవేకియా, సోవియట్ యూనియన్ వంటి దేశాల నుంచి కూడా ట్రాక్టర్లను దిగుమతి చేసుకున్నారు.

1966 నుంచి అధిక దిగుబడి విత్తనాల కార్యక్రమం విస్తరించింది. 1969 జూలైలో 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. వ్యవసాయ రుణాలు పెరిగాయి. 1972 నాటికి దేశంలో ట్రాక్టర్ల సంఖ్య లక్షన్నరకు చేరువైంది.

గిరాకీకి తగిన ఉత్పత్తి లేకపోవడం వల్ల 1967లో ప్రభుత్వం ట్రాక్టర్ల ధరల మీద నియంత్రణ విధించింది. కొత్త ట్రాక్టర్ కోసం రైతులు పేరు నమోదు చేసుకొని ఎదురుచూడవలసి వచ్చేది. ఈ కొరతకు మరమ్మతుతో నేరుగా సంబంధం ఉంది. కొత్తది దొరకనప్పుడు పాతదాన్ని పారేయరు. ఒక దేశపు ట్రాక్టర్ విడిభాగం మరో దేశపు ట్రాక్టర్‌కు సరిపోదు. దిగుమతి ఆగిన మోడల్‌కు విడిభాగాలు అసలే దొరకవు. అటువంటి ట్రాక్టర్ నడవాలంటే కావలసిన ముక్కను ఎవరో ఒకరు ఇక్కడే తయారు చేయాలి. ఇక్కడే లేత్ యంత్రానికి మన గ్రామీణ చరిత్రలో చోటు దొరికింది.

1.5 ఇరుసు అరుగుదలకు కారణాలు

పొడి నేల కోసం రూపొందిన ట్రాక్టర్ కృష్ణా, గోదావరి డెల్టాలలోని వరి మడిలోకి దిగింది. దీని ఫలితాన్ని మూడు కారణాల కింద పరిశీలించవచ్చు.

(అ) దమ్ము: నాట్లకు ముందు మడిలో నీరు నిలిపి, మట్టిని మెత్తగా బురద చేయడాన్ని దమ్ము చేయడం అంటారు. ఇందుకోసం ట్రాక్టర్ వెనుక భాగానికి ఇనుప చక్రాలు తగిలిస్తారు. కాని ముందు చక్రాల హబ్‌లు, కింగ్ పిన్ అడుగు భాగం గంటల తరబడి బురదలో మునిగి తేలుతాయి. సీలు కొద్దిగా పాడైనా నీరు, సన్నని ఇసుక లోపలికి పోతాయి. ఇసుక కలిసిన గ్రీజు కందెనగా పనిచేయదు. లోహాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. పని ముగిసిన రోజు సాయంత్రం పాత గ్రీజు, దానితోపాటు బురద బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించాలి. దమ్ముల రోజుల్లో రాత్రి, పగలు ట్రాక్టర్ తిరుగుతూ ఉంటే ఈ పని వాయిదా పడేది.

(ఆ) గట్లు: డెల్టాలో కమతాలు చిన్నవి. ఒక మడి నుంచి మరో మడికి పోవాలంటే గట్టు దాటాలి. ప్రతి గట్టు దగ్గర ఒక ముందు చక్రం ఎక్కి దిగుతుంది. ఆ దెబ్బ మధ్య దూలం వేలాడే పిన్ను మీద పడుతుంది. గుండ్రంగా ఉండవలసిన రంధ్రం క్రమంగా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

(ఇ) రవాణా: మన దేశంలో ట్రాక్టర్ దున్నడానికి ఎంత ఉపయోగపడిందో బరువులు లాగడానికీ అంత ఉపయోగపడింది. వడ్ల బస్తాలు, చెరకు, ఇటుకలు, ఇసుక, పెళ్లివారు, తిరునాళ్లకు పోయేవారు అందరూ ట్రాక్టర్ వెనుక ట్రక్కులోనే ప్రయాణించారు. గుంతల రోడ్డు మీద, పొలంలో కంటే ఎక్కువ వేగంతో పోయినప్పుడు ముందు ఇరుసుకు ఎడతెగని దెబ్బలు తగులుతాయి. ట్రక్కు ముందు భాగంలో బరువు మితిమీరితే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోయి, తిరిగి నేలకు కొట్టుకుంటాయి.

ట్రాక్టర్ పనులు రెండు రకాలని గ్రహించండి. దమ్ము, దున్నకం రైతు సాగులో భాగం. రవాణా చాలావరకు ఆదాయ మార్గం. ట్రాక్టర్ కోసం తీసుకున్న అప్పు వాయిదాలు తీరాలంటే సాగు లేని నెలల్లో కూడా ట్రాక్టర్ పనిచేయాలి. కిరాయికి తోలాలి. కాబట్టి ఇరుసు అరుగుదలకు బురద ఎంత కారణమో బ్యాంకు వాయిదా కూడా అంత కారణం.

1.6 మరమ్మతు విధానం

అరిగిన ముందు ఇరుసును మెకానిక్ గుర్తించే పద్ధతి అనుభవం నుంచి వచ్చింది. స్టీరింగ్ తిప్పినా చక్రం వెంటనే తిరగదు. రోడ్డు మీద ముందు చక్రాలు అదురుతాయి. టైరు ఒక అంచునే అరుగుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే ముందు చక్రాల పైభాగాలు లోపలికి వాలి, అడుగు భాగాలు బయటికి జరిగినట్లు కనిపిస్తాయి. చక్రం నేలను తాకేచోటు కింగ్ పిన్‌కు బయట ఉంటుంది. అందువల్ల బరువు కింగ్ పిన్‌ను నిటారుగా కాక ఒరగదోస్తుంది. బుష్ చుట్టూ సమానంగా అరగక ఒక పక్కే అరుగుతుంది. వాలిన చక్రానికి కారణం అదే.

పరీక్ష చేయడానికి దూలం కింద జాకీ పెట్టి చక్రాన్ని పైకి లేపుతారు. వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, లేపిన దూలానికి దిట్టమైన దిమ్మె ఆనించకుండా పని మొదలుపెట్టరాదు. తరవాత చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపుతారు. హబ్ ఊగి కింగ్ పిన్ కదలకపోతే తప్పు చక్రం బేరింగ్‌లలో ఉంది. కింగ్ పిన్ కూడా గొట్టంలో ఊగితే బుష్‌లు పోయినట్లు. దూలం మొత్తం ముందుకు, వెనుకకు కదిలితే మధ్య పిన్ను అరిగినట్లు. మూడు చోట్లలో తప్పు ఎక్కడ ఉందో తేల్చుకోకుండా విడిభాగాలు కొంటే డబ్బు వృథా.

విప్పే క్రమం ఇది. చక్రం, హబ్ తీసిన తరవాత కింగ్ పిన్ పైన ఉన్న స్టీరింగ్ చేతిని విప్పుతారు. కింగ్ పిన్ కిందికి దిగుతుంది. పాత బుష్‌లను గొట్టం నుంచి బయటికి కొట్టి, కొత్తవాటిని ప్రెస్ సాయంతో ఎక్కిస్తారు. సుత్తితో కొడితే బుష్ అంచు వంకరపోతుంది. ఎక్కించిన బుష్ కాస్త బిగుసుకుంటుంది కాబట్టి రీమర్‌తో లోపల చెక్కి, కింగ్ పిన్ చేతితో తిప్పితే తిరిగేటట్లు, కాని ఊగకుండా ఉండేటట్లు సరిచేస్తారు. అడుగు బేరింగ్‌ను, సీళ్లను మారుస్తారు. చివరగా ముందు చక్రాల ముందు అంచుల మధ్య దూరం వెనుక అంచుల మధ్య దూరం కంటే కొద్దిగా తక్కువ ఉండేటట్లు కడ్డీలను సరిచేస్తారు. తయారీదారు ఇచ్చిన కొలతే దీనికి ప్రమాణం.

కష్టమైన నిర్ణయం కింగ్ పిన్ దగ్గర వస్తుంది. అది కూడా అరిగి ఉంటే కొత్త బుష్ వేసినా కొద్ది నెలల్లోనే మళ్లీ ఊగుతుంది. కొత్త కింగ్ పిన్ కొనాలి. లేదా అరిగినచోట వెల్డింగ్‌తో లోహాన్ని నింపి, లేత్ మీద పాత కొలతకు తిప్పించాలి. రెండోది చవక. విడిభాగం దొరకని మోడల్‌కు అదొక్కటే దారి. కాని వెల్డింగ్ వేడికి ఉక్కు గుణం మారుతుంది; పైకి కనిపించని పగులు ఏర్పడవచ్చు. నిండు ట్రక్కుతో పోతున్నప్పుడు ఆ కడ్డీ విరిగితే చక్రం ఊడిపోతుంది, ట్రాక్టర్ బోల్తా పడుతుంది. అందుకే చక్రం తిరిగే అడ్డ కడ్డీ మూలలో పగులు కనిపిస్తే వెల్డింగ్ చేయడానికి మంచి మెకానిక్ ఒప్పుకోడు. రైతు బతిమాలినా కొత్తది తెమ్మంటాడు. ఆ మాట అనగలగడం కూడా ఆ వృత్తి నైపుణ్యంలో భాగమే.

మధ్య పిన్ను రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తే లేత్ పనివారు దాన్ని మరింత పెద్దదిగా గుండ్రంగా కోసి, లోపల కొత్త బుష్‌ను బిగిస్తారు. పాత కొలత తిరిగి వస్తుంది. ఇకముందు అరిగేది ఆ బుష్షే, దూలం కాదు. రూపకర్తలు కింగ్ పిన్ దగ్గర పాటించిన సూత్రాన్నే మెకానిక్ ఇక్కడ తన చేతులతో మళ్లీ పాటిస్తున్నాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

3. దమ్ము చేయడం వల్ల ముందు ఇరుసు ఎందుకు త్వరగా అరుగుతుంది?
4. కింగ్ పిన్‌ను వెల్డింగ్ చేసి వాడటంలో ఉన్న ప్రమాదం ఏమిటి?

1.7 మరమ్మతు చేసినవారు, భారం మోసినవారు

ట్రాక్టర్ మరమ్మతుకు కావలసిన శిక్షణను అందించడానికి ప్రభుత్వం కొన్ని సంస్థలను నెలకొల్పింది. 1955లో మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో, 1963లో హిసార్‌లో, 1983లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణ కేంద్రాలు ఏర్పడ్డాయి. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో (ఐ.టి.ఐ.) ట్రాక్టర్ మెకానిక్ కోర్సు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1968లో ఏర్పడిన రాష్ట్ర ఆగ్రో పరిశ్రమల అభివృద్ధి సంస్థ యంత్రాల సరఫరాతో పాటు సేవలను కూడా చేపట్టింది.

అయితే మెకానిక్‌లలో ఎక్కువమంది పనిని తరగతి గదిలో నేర్చుకోలేదు. చిన్న వయసులో షెడ్డులో చేరి, పానాలు అందిస్తూ, గ్రీజు తుడుస్తూ, మేస్త్రీ చేతిని చూస్తూ నేర్చుకున్నారు. కమ్మరి, వడ్రంగి కుటుంబాల నుంచి కొందరు లేత్, వెల్డింగ్ పనులకు మారారు. ఆ వృత్తులతో సంబంధం లేని కుటుంబాల నుంచి కూడా చాలామంది వచ్చారు. కులవృత్తి కట్టుబాటు ఇక్కడ కొంత సడలింది. కాని చదువు మానేసి జీతం లేకుండా, లేదా నామమాత్రపు జీతంతో పనిచేసిన పిల్లల శ్రమ కూడా ఈ నైపుణ్యం వెనుక ఉందని మరవరాదు.

పల్లెలో చేయలేని పని పట్టణానికి పోయేది. 1960ల దశకంలో విజయవాడలో రూపుదిద్దుకున్న ఆటోనగర్ ఇందుకు మంచి ఉదాహరణ. లారీల బాడీలు కట్టేవారు, లేత్ పనివారు, వెల్డర్లు, విడిభాగాల వ్యాపారులు ఒకేచోట చేరడం వల్ల ఒక దుకాణంలో దొరకనిది పక్క దుకాణంలో దొరికేది. లూధియానా, రాజ్‌కోట్ వంటి పట్టణాల చిన్న పరిశ్రమలలో తయారైన చవక విడిభాగాలు కూడా ఇటువంటి బజార్లకు చేరేవి. వాటిలో నాణ్యమైనవీ, నాసిరకమైనవీ కలిసి ఉండేవి. మంచిదాన్ని ఏరుకోవడానికి మళ్లీ మెకానిక్ అనుభవమే ఆధారం.

ఇప్పుడు భారం గురించి చూద్దాం. ఒక ఉదాహరణ ఊహించండి. గోదావరి డెల్టాలో కాలువకు నీళ్లు వదిలారు. నారుమడి సిద్ధంగా ఉంది. దమ్ము మధ్యలో ట్రాక్టర్ కింగ్ పిన్ విరిగింది. విడిభాగానికి పట్టణం పోయి రావాలి. లేత్ షాపులో అదే సమయంలో మరో నాలుగు ట్రాక్టర్ల పని ఉంటుంది. మూడు రోజులు గడుస్తాయి. ట్రాక్టర్ యజమానికి మరమ్మతు ఖర్చుతో పాటు కిరాయి ఆదాయం పోతుంది. సొంత ట్రాక్టర్ లేక కిరాయికి మాట్లాడుకున్న చిన్న రైతుకు నారు ముదురుతుంది. నాట్లకు పిలిచిన కూలీలకు, వారిలో అత్యధికులు స్త్రీలు, ఆ మూడు రోజుల కూలి ఉండదు. అరిగిన ఒక బుష్ ఖరీదు యజమాని పద్దులో చిన్నదే. కాని అది సమయానికి మారకపోవడం వల్ల కలిగే నష్టాన్ని ట్రాక్టర్ లేనివారు కూడా పంచుకోవలసి వచ్చింది.

మేర పద్ధతిలో మరమ్మతు ఊరి ఏర్పాటులో ఒక భాగం. ట్రాక్టర్ కాలంలో అది నగదు వ్యవహారం. రుణ పథకాలు ప్రధానంగా ట్రాక్టర్ కొనడానికి ఉద్దేశించినవి. రోజువారీ మరమ్మతు ఖర్చును రైతే చూసుకోవాలి. చేతిలో నగదు ఉన్న పెద్ద రైతు పంటకాలానికి ముందే బుష్‌లు మార్పించుకొనేవాడు. లేనివాడు విరిగేదాకా నడిపేవాడు. ఈ విధంగా యాంత్రీకరణ తెచ్చిన అసమానతలు యంత్రం కొనడంతో ఆగలేదు. దాన్ని నిలబెట్టుకోవడంలోనూ కొనసాగాయి.

1.8 మరమ్మతు హక్కు: నేటి చర్చ

ఇటీవలి ట్రాక్టర్లలో ముందు చక్రాలకు కూడా ఇంజను శక్తి అందే నమూనాలు పెరిగాయి. వాటి ముందు ఇరుసులో గేర్లు, నూనె సీళ్లు ఉంటాయి. సుత్తి, జాకీ, లేత్‌తో మాత్రమే ఆ పని పూర్తి కాదు. కొన్ని దేశాల్లో పెద్ద ట్రాక్టర్లలోని కంప్యూటర్ వ్యవస్థ తయారీదారు అనుమతి లేనిదే మరమ్మతును సాగనివ్వడం లేదన్న ఫిర్యాదులతో రైతులు ఉద్యమించారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టాన్ని చేసింది. భారతదేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించింది. ఆ కమిటీ దృష్టి పెట్టిన రంగాలలో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి.

ఈ చర్చ కొత్తదిగా కనిపించినా దాని మూలం పాతదే. యంత్రాన్ని కొన్నవాడికి దాన్ని విప్పి చూసే, బాగుచేసుకొనే వీలు ఉందా? అందుకు కావలసిన విడిభాగం, కొలత, జ్ఞానం అందుబాటులో ఉన్నాయా? 1960, 70 దశకాల్లో దిగుమతి ట్రాక్టర్‌కు కింగ్ పిన్ దొరకక లేత్ షాపు ముందు నిలబడిన రైతు ఎదుర్కొన్న ప్రశ్న కూడా ఇదే. ఆనాడు ఉక్కు కడ్డీని కొలిచి అటువంటిదాన్ని చేయగలిగారు. కంప్యూటర్ తాళానికి అటువంటి మార్గం సులభం కాదు.

1.9 సారాంశం

ఎద్దుల బండి కాలంలో తయారీ, మరమ్మతు ఊరిలోనే జరిగేవి. ట్రాక్టర్ తయారీ దూరమైనా మరమ్మతు స్థానికంగానే మిగిలింది. అరిగే భాగాన్ని మార్చుకొనే విధంగా ఫెర్గూసన్ తరహా ముందు ఇరుసును రూపొందించారు. కాని వరి మడి బురద, గట్లు, బరువైన రవాణా, అప్పు వాయిదాల ఒత్తిడి దాన్ని ఊహించినదానికంటే వేగంగా అరగదీశాయి. కొత్త ట్రాక్టర్ల, విడిభాగాల కొరత వల్ల లేత్ షాపులు, ఆటోనగర్ వంటి కేంద్రాలు బలపడ్డాయి. మరమ్మతు ఆలస్యమైతే యజమానితో పాటు కిరాయి రైతు, కూలీలు కూడా నష్టపోయారు. కాబట్టి యాంత్రీకరణ చరిత్రను అమ్మకాల అంకెలతో మాత్రమే కాక మరమ్మతు అనుభవంతో కూడా కలిపి చదవాలి.

1.10 ముఖ్య పదాలు

ఇరుసు: రెండు చక్రాలను కలుపుతూ బరువును మోసే అడ్డ కడ్డీ లేదా దూలం.
కింగ్ పిన్: ముందు చక్రం కుడి, ఎడమలకు తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీ.
బుష్: ఒరుసుకొనే రెండు భాగాల మధ్య అమర్చే, మార్చుకోదగిన లోహపు గొట్టం.
రీమర్: రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు సన్నగా చెక్కే పనిముట్టు.
దమ్ము: నీరు నిలిపిన వరి మడిని నాట్లకు అనువుగా బురద చేయడం.
ఆయగార్లు: గ్రామానికి సేవలందించి, ధాన్యరూపంలో ప్రతిఫలం పొందిన వృత్తులవారు.

1.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు

1. గ్రామంలోని వృత్తులవారికి ఏడాది సేవలకు ప్రతిఫలంగా పంటకాలంలో కళ్లంలో కొలిచి ఇచ్చే ధాన్యం.
2. ఖరీదైన ఇరుసు అరగకుండా తామే అరిగి, తక్కువ ఖర్చుతో మార్చుకొనే వీలు కల్పిస్తాయి.
3. పాడైన సీళ్ల ద్వారా నీరు, ఇసుక లోపలికి పోయి గ్రీజులో కలుస్తాయి. ఆ మిశ్రమం లోహాన్ని అరగదీస్తుంది.
4. వేడికి ఉక్కు గుణం మారి, కనిపించని పగుళ్లు ఏర్పడవచ్చు. బరువుతో పోతున్నప్పుడు కడ్డీ విరిగితే చక్రం ఊడి ట్రాక్టర్ బోల్తా పడే ప్రమాదం ఉంది.

1.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1947 నుంచి 1972 వరకు భారతదేశంలో ట్రాక్టర్ల వ్యాప్తిని వివరించి, దానికి మరమ్మతు రంగంతో ఉన్న సంబంధాన్ని చర్చించండి.
2. 'యాంత్రీకరణ తెచ్చిన అసమానతలు యంత్రం కొనడంతో ఆగలేదు.' ఈ వ్యాఖ్యను పరిశీలించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గ్రామ వృత్తి వ్యవస్థలో బండి మరమ్మతు.
2. ముందు ఇరుసులో తప్పు ఎక్కడ ఉందో గుర్తించే పద్ధతి.
3. మరమ్మతు హక్కు.

III. క్షేత్ర అధ్యయనం
మీ మండలంలో పాత ట్రాక్టర్లను బాగుచేసే ఒక షెడ్డుకు వెళ్లండి. అనుమతి తీసుకొని, అక్కడి పెద్ద మేస్త్రీతో మాట్లాడండి. ఆయన పని ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? విడిభాగాలు ఎక్కడి నుంచి వచ్చేవి? ఏ నెలల్లో ఏ మరమ్మతులు ఎక్కువ? విప్పి పక్కన పడేసిన ఒక బుష్‌ను చేతిలోకి తీసుకొని, ఏ పక్క ఎంత అరిగిందో గమనించండి. ఆయన చెప్పినదానితో ఆ అరుగుదలను పోల్చి రెండు పుటల నివేదిక రాయండి. మౌఖిక సాక్ష్యాన్ని, వస్తు సాక్ష్యాన్ని కలిపి పరిశీలించడం చరిత్ర విద్యార్థికి అవసరమైన అభ్యాసం.